వంతెన దాటిన బంతి

వెనిస్ అంటే మనకు పడవలు. ఆ ఊరి వాళ్లకు 1872 నాటి ఒక ఆటల సంఘం కూడా. రేయర్ వెనిస్ బాస్కెట్‌బాల్ క్లబ్‌లో మగవాళ్ల జట్టు, ఆడవాళ్ల జట్టు ఒకే జెర్సీ వేసుకుంటాయి. రెండింటి కథా ఇంచుమించు ఒకేలా నడిచింది.

కన్నరెజో పేటలో ఒక కాలువ ఒడ్డున, పైపూత లేని ఇటుక గోడలతో ఓ భారీ భవనం ఉంటుంది. లోపల కింది అంతస్తులో బారులు తీరిన రాతి స్తంభాలు. మెట్లెక్కి పైకి వెళితే ఒకే ఒక్క పెద్ద హాలు. ఎక్కడా స్తంభం అడ్డురాదు. గోడల మీద చిత్రకారుడు వెరొనేజే శిష్యబృందం పనిగా చెప్పే చిత్రాలు. యాభై అరవై ఏళ్ల కిందటి ఫొటోల్లో ఆ చిత్రాల ముందు బాస్కెట్‌బాల్ బోర్డు నిలబడి ఉంటుంది. దాని కింద చెమటలు కక్కుతూ పది మంది, గోడలకు ఆనుకుని జనం.

ఆ భవనం పేరు స్కోలా గ్రాందే దెల్లా మిజెరికోర్దియా. దానధర్మాలు చేసే ఒక సంపన్న సంఘం తన కోసం కట్టించుకుంది. యాకొపో సాన్సొవీనో అంతటి శిల్పి 1530లలో పని మొదలుపెట్టాడు. కట్టినవాళ్ల ఆశ పెద్దది, ఖజానా చిన్నది. బయటి గోడలకు పాలరాయి తొడుగు వేయాలనుకున్నారు, అది ఈనాటికీ పడలేదు. 1583లో అలాగే గృహప్రవేశం చేసేశారు. తర్వాత నెపోలియన్ వచ్చి ఇలాంటి సంఘాలన్నిటినీ రద్దు చేశాడు. దాంతో భవనం సైన్యం చేతికీ, గోదాముల పాలికీ పోయింది. 1914లో ఒక వ్యాయామ సంఘం అందులో దిగింది. పైన స్తంభాలు లేకపోవడం ఆ సంఘానికి కలిసొచ్చింది.

ఆ సంఘమే రేయర్.

ఇటలీ క్రీడా పత్రికలు ఈ క్లబ్ కథను సాధారణంగా ఇలా చెబుతాయి: యుద్ధకాలంలో రెండు జాతీయ టైటిళ్లు, ఆ తర్వాత 74 ఏళ్ల కరువు, మళ్లీ 2017, 2019ల్లో రెండు. ఈ లెక్కలో తప్పేమీ లేదు. కాకపోతే సగమే. మిగతా సగంలో 1946, 2021, 2024 ఉన్నాయి. అవి ఆడవాళ్ల జట్టు గెలిచిన టైటిళ్లు. అసలు ఇటలీలో బాస్కెట్‌బాల్ బంతి పట్టిన మొదటి చేతులు ఎవరివో చూస్తే ఆ రెండో సగాన్నే ముందు చెప్పాలనిపిస్తుంది. కానీ క్లబ్ అంతకంటే పాతది, కాబట్టి అక్కడి నుంచే వద్దాం.

కసరత్తు మాస్టార్లు

1869 మార్చిలో వెనిస్‌లో కొందరు కూర్చుని ఇటలీ జిమ్నాస్టిక్స్ సమాఖ్యను స్థాపించారు. అందులో ముఖ్యులు కోస్తాంతీనో రేయర్, పియెత్రో గాల్లో, దొమేనికో పీజోనీ. వెనిస్ ఆస్ట్రియా పాలన నుంచి బయటపడి ఇటలీలో కలిసి అప్పటికి మూడేళ్లే. కొత్త దేశం, కొత్త ఉత్సాహం. బలమైన ఒళ్లుంటేనే బలమైన దేశమని అందరూ నమ్మిన కాలం. మన దగ్గరా ఇలాంటి గాలి ఒక తరం తర్వాత వీచింది. విజయనగరంలో కోడి రామమూర్తి నాయుడు వ్యాయామ పాఠాలు చెప్పిన రోజులు గుర్తు చేసుకుంటే గాల్లో మాస్టారి వాతావరణం కొంత అర్థమవుతుంది.

మూడేళ్ల తర్వాత 1872లో గాల్లో ఒక వ్యాయామ సంఘం పెట్టి దానికి తన సహచరుడు రేయర్ పేరు పెట్టాడు. తన పేరు పెట్టుకోకపోవడం నాకు నచ్చిన విషయం. ఇటలీ బడుల్లో వ్యాయామాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది 1878లో. అంటే ఈ మాస్టార్లు ప్రభుత్వం కంటే ఆరేళ్లు ముందున్నారు.

క్లబ్ అన్న మాటను ఇక్కడ మన అలవాటుతో చూస్తే పొరబడతాం. మన దగ్గర పెద్ద స్థాయి బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు చాలామంది రైల్వేకో, పోలీసుకో, ఏదో బ్యాంకుకో ఆడతారు. ఉద్యోగం ఎక్కడో జెర్సీ అక్కడిది. యూరప్‌లో జెర్సీ ఊరిది. సభ్యత్వం కట్టిన తాత, పిల్లల బ్యాచ్‌లో బంతి తట్టే మనవరాలు, టీవీలో కనిపించే స్టారు, అందరిదీ ఒకే సంఘం. రేయర్ రంగులు బంగారు పసుపు, దానిమ్మ ఎరుపు. గుర్తు సెయింట్ మార్క్ సింహం. అభిమానుల కేక ‘దూరి ఇ బాంకి’. వెనిస్ యుద్ధ నౌకల మీద తెడ్లు వేసేవాళ్లకు, దెబ్బ తగలబోతోంది, బల్లలు గట్టిగా పట్టుకోండని చెప్పే హెచ్చరిక అది. ఈ క్లబ్ చరిత్రకు ఇంతకంటే సరిపోయే నినాదం వెతికినా దొరకదు.

సియెనా టీచరమ్మ తెచ్చిన ఆట

బాస్కెట్‌బాల్ అమెరికాలో పుట్టింది 1891లో. ఇండియాకు, చైనాకు, ఇంకా చాలా దేశాలకు దాన్ని మోసుకొచ్చింది వై.ఎం.సి.ఎ. మనుషులు. ఇటలీలో మాత్రం ముందుగా ఈ బాధ్యత తలకెత్తుకున్నది ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు. పేరు ఈదా నోమీ వెనెరోజీ పెషోలీనీ. ఊరు సియెనా. అక్కడి మెన్స్ సానా సంఘంలో ఆడపిల్లలకు కసరత్తు నేర్పేది. అమెరికన్ ఆట నియమాలను ఇటాలియన్‌లోకి తెచ్చుకుని తన శిష్యురాళ్లకు నేర్పింది. 1907లో వాళ్లను వెంటబెట్టుకుని జాతీయ జిమ్నాస్టిక్స్ పోటీలకు వచ్చి అందరి ముందూ ఆడించి చూపించింది.

ఆ పోటీలు జరిగింది వెనిస్‌లో.

పొడుగు బట్టలు, మెడ దాకా బొత్తాలు, చేతిలో బంతి. ఆ కాలపు వ్యాయామ దుస్తుల ఫొటోలు చూసినవాళ్లు ఆ దృశ్యాన్ని ఊహించుకోగలరు. ఇటలీలో పురుషుల జాతీయ టైటిల్ పోటీ మొదలైంది 1920లో. రేయర్ బాస్కెట్‌బాల్ విభాగం తెరిచింది 1925లో. అంటే ఆడపిల్లలు ఈ ఊళ్లో ఆడి చూపించిన పద్దెనిమిదేళ్లకు. ఆడవాళ్ల జట్టును మగవాళ్ల జట్టుకు తోకలా చూసే అలవాటు ఇటలీలో ఉంది, మన దగ్గరా ఉంది. కనీసం వెనిస్‌లో ఆ అలవాటుకు చరిత్ర మద్దతు లేదు.

ఇంకో సంగతి. 1938లో ఆడవాళ్ల బాస్కెట్‌బాల్‌కు మొట్టమొదటి యూరప్ చాంపియన్‌షిప్ రోమ్‌లో జరిగింది. గెలిచింది ఇటలీ. ఆడది ఇంటికీ పిల్లలకీ పరిమితం కావాలని రోజూ ఉపన్యాసాలిచ్చిన ముసోలినీ ప్రభుత్వం ఆ కప్పు ముందు నిలబడి ఫొటోలకు మొహమాటపడలేదు. గెలుపు వచ్చినప్పుడు సిద్ధాంతాలు పక్కకు జరుగుతాయి.

యుద్ధంలో కప్పులు

రేయర్ మగవాళ్ల జట్టు 1942లో, 1943లో వరసగా ఇటలీ చాంపియన్. తేదీలు చూస్తేనే తెలుస్తుంది అవెలాంటి రోజులో. రేషన్ కార్డులు, దీపాలార్పిన రాత్రులు, సైన్యంలోకి పిలుపులు. 1943 వేసవిలో ముసోలినీ పదవి పోయింది, సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయింది, ఉత్తర ఇటలీని జర్మన్లు ఆక్రమించారు. జట్టు ఉచ్చస్థితిలో ఉండగా లీగే ఛిద్రమైంది.

ఆ జట్టులో తార సెర్జో స్తెఫానీనీ. 1922లో వెనిస్‌లోనే పుట్టాడు. రెండు టైటిళ్లూ గెలిచేనాటికి ఇరవై, ఇరవయ్యొకటి. యుద్ధం ముగిశాక ఇటలీ జట్టుతో 1946 యూరప్ చాంపియన్‌షిప్‌లో రజతం తెచ్చాడు. 1948, 1952 ఒలింపిక్స్ ఆడాడు. మిలాన్ రమ్మంది, వెళ్లాడు. అక్కడ ఇంకా ఎన్నో టైటిళ్లు గెలిచాడు. ఊరి కుర్రాడు ఎదిగితే మిలాన్ తీసుకుపోవడం ఇటలీలో ఏ ఆటకైనా పాత కథే. డబ్బున్నది అక్కడ.

మగవాళ్ల కప్పుల మీద పుస్తకాలున్నాయి, ఫొటోలున్నాయి. 1946లో రేయర్ అమ్మాయిలు ఇటలీ చాంపియన్లయిన సంగతి చాలాకాలం చాంపియన్ల పట్టికలో ఒక వరసగానే ఉండిపోయింది. శాంతి వచ్చాక జరిగిన మొదటి పూర్తి సీజన్ అది. వంతెనలు, రైలు పట్టాలు ఇంకా బాగుచేసుకుంటున్న దేశంలో ఊరూరా తిరిగి మ్యాచ్‌లు ఆడి గెలిచారు. ఈ క్లబ్ చరిత్రలో నేను మరింత చదవాలనుకునే అధ్యాయం అదే. యుద్ధకాలంలో స్తెఫానీనీ ఎన్ని బుట్టలు వేశాడో చెప్పేవాళ్లు నలుగురు దొరుకుతారు. ఆ అమ్మాయిల గురించి చెప్పేవాళ్లు ఒకరు దొరికితే గొప్ప.

చొక్కా మీద అంగడి పేరు

తర్వాతి ముప్పై ఏళ్లు పడుతూ లేస్తూ గడిచాయి, వాటిని గబగబా దాటేద్దాం. ఒక్క తమాషా మాత్రం చెప్పాలి. ఇటలీ బాస్కెట్‌బాల్‌లో స్పాన్సర్ పేరు జట్టు పేరునే మింగేస్తుంది. బీరు కంపెనీ డబ్బిచ్చినన్నాళ్లు రేయర్ ‘స్ప్లూగెన్’. కెమెరాల కంపెనీ వచ్చాక ‘కెనాన్’. జీన్స్ వాళ్లొస్తే ‘కరేరా’. ఆపైన ‘జియోమో’, ‘హిటాచీ’. పాత రికార్డుల్లో ఈ జట్టును వెతకబోతే ఒక్క జట్టు కోసం అయిదు దుకాణాలు తిరిగినట్టుంటుంది. జనం నోట మాత్రం ఎప్పుడూ రేయరే.

1970ల రెండో సగంలో జట్టు మిజెరికోర్దియా మెట్లు దిగింది. లీగ్ పెద్దదైంది, టీవీ వచ్చింది, వేల మంది కూర్చునే చోటు కావాల్సి వచ్చింది. ఒకప్పుడు వెనిస్ గణతంత్రం యుద్ధ నౌకలు తయారు చేసిన ఆర్సెనాలే దగ్గర కొత్త ఇండోర్ స్టేడియం తయారైంది. ఇది కూడా ద్వీపం మీదే. అవతలి జట్లు బస్సు దిగి, పడవెక్కి, సామాన్లు మోసుకుంటూ మ్యాచ్‌కు రావాల్సిందే. ఇంత అలసిపోయి వచ్చిన అతిథిని ఓడించడం కొంత తేలికేమో. వెనిస్ వాళ్లు దాన్ని ఒప్పుకోరనుకోండి.

ఆ స్టేడియం రోజుల్లోనే 1980 శరత్తులో ఇద్దరు విదేశీయులు దిగారు. అప్పటి ఇటలీ నియమం ప్రకారం జట్టుకు ఇద్దరు విదేశీయులకే చోటు. వెనిస్ ఎంచుకున్న ఇద్దరినీ చూసి యూరప్ నోరెళ్లబెట్టింది.

ఒకడు ద్రాజెన్ దలిపాగిచ్. బోస్నియాలోని మొస్తార్‌లో పుట్టాడు, ముద్దుపేరు ప్రాయా. 1978లో యుగోస్లావియాకు ప్రపంచ కప్పు గెలిపించి అత్యుత్తమ ఆటగాడనిపించుకున్నాడు. 1980 వేసవిలో మాస్కో ఒలింపిక్స్ స్వర్ణం మెళ్లో వేసుకుని మరీ వచ్చాడు. రెండోవాడు స్పెన్సర్ హేవుడ్. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో అమెరికాకు స్వర్ణం తెచ్చిన కుర్రాడు. కాలేజీ గడువు పూర్తి కాకుండా ఎన్‌బీఏలో ఆడే హక్కు కోసం కోర్టుకెక్కి 1971లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచినవాడు. ఇవాళ పందొమ్మిదేళ్ల కుర్రాళ్లు ఎన్‌బీఏలో కోట్లు సంపాదిస్తున్నారంటే ఆ తీర్పు వేసిన దారి. అంతటివాడు కొకైన్‌కు బానిసయ్యాడు. 1980 ఎన్‌బీఏ ఫైనల్స్ జరుగుతుండగానే లాస్ ఏంజెలెస్ లేకర్స్ అతన్ని జట్టు నుంచి పంపేసింది. పరువూ కొలువూ పోగొట్టుకున్న మనిషికి వెనిస్ చోటిచ్చింది.

ఇద్దరూ కలిసి ఆ సీజన్‌లో జట్టును కొరాచ్ కప్ ఫైనల్ దాకా లాక్కెళ్లారు. యూరప్ క్లబ్బుల పోటీల్లో అది మూడో మెట్టు. 1981 మార్చిలో బార్సిలోనాలో ఫైనల్. ప్రత్యర్థి హువెంతుత్ బదలోనా. బదలోనా అంటే బార్సిలోనాను ఆనుకుని ఉన్న ఊరే, కాబట్టి సొంతగడ్డ లాభమంతా వాళ్లదే. నలభై నిమిషాల్లో తేలలేదు. ఓవర్‌టైమ్ ఆడారు. 105-104. ఒక్క పాయింటు తేడాతో కప్పు బదలోనా తీసుకుపోయింది.

ప్రాయా కొన్నేళ్లకు మళ్లీ వెనిస్ వచ్చాడు. 1987 జనవరి 25న బొలోన్యా వీర్తూస్ మీద ఒక్కడే 70 పాయింట్లు వేశాడు. అప్పటికి ముప్పై అయిదేళ్లు. ఇటలీ పై డివిజన్‌లో అంతకు మించిన ఆట అంటే 1964లో మిలాన్‌కు ఆడుతూ సాంద్రో రిమినుచ్చీ వేసిన 77 దాకా వెనక్కి పోవాలి. ప్రాయా ఎత్తుగా గాల్లోకి లేచి, నిటారుగా నిలబడినట్టే ఉండి, బంతి వదిలేవాడు. అడ్డుకోవడానికి ఎగిరినవాడు కిందికి దిగేసరికి బంతి వలలో ఉండేది. అతను 2025లో బెల్‌గ్రేడ్‌లో చనిపోయాడు. ఆ రోజూ జనవరి 25.

నీళ్ల అవతలి ఊరు

వెనిస్ అంటే మనం సినిమాల్లో చూసేది ద్వీపాన్నే. వెనిస్ మున్సిపాలిటీలో ఎక్కువ మంది ఉండేది అక్కడ కాదు, నీళ్ల అవతల నేల మీద, మెస్త్రేలో. 1926లో ముసోలినీ కాలంలో మెస్త్రేను తెచ్చి వెనిస్‌లో కలిపారు. పక్కనే మార్గేరాలో రేవు, రసాయన కర్మాగారాలు లేచాయి. 1933లో ద్వీపానికీ నేలకూ మధ్య రోడ్డు వంతెన పూర్తయింది. జనం ఆ వంతెన మీద ఒకవైపే ఎక్కువగా నడిచారు. 1951లో ద్వీపం మీద దాదాపు 1,75,000 మంది ఉండేవాళ్లు. 2022లో ఆ సంఖ్య 50,000 కిందికి జారింది. అద్దెలు, వరదలు, పర్యాటకులు, ఎవరి కారణం వాళ్లది. మెస్త్రేలో బస్సు దొరుకుతుంది, బడి దొరుకుతుంది, పగలగొట్టకుండా ఫ్రిజ్ ఇంట్లోకి చేర్చగలిగే గుమ్మం దొరుకుతుంది.

వెనిస్, మెస్త్రే విడిపోవాలా అని 1979 నుంచి 2019 దాకా అయిదుసార్లు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. అయిదుసార్లూ విడిపోలేదు. చివరిసారి ఓటెయ్యడానికి వచ్చినవాళ్లే తక్కువ. కలిసుండాలన్న ప్రేమా లేదు, తెగదెంపులు చేసుకునే ఓపికా లేదు. ఇలాంటి కాపురంలో రెండు వైపులవాళ్లూ ‘మాది’ అనుకునే కొద్ది వస్తువుల్లో రేయర్ ఒకటి.

అభిమానులు ఎటు వెళితే క్లబ్బూ అటే వెళ్లింది. మ్యాచ్‌లు మెస్త్రేలోని పలస్పోర్ట్ తలియెర్చోకు మారాయి. మూడున్నర వేల మంది పట్టే మామూలు హాలు. వెరొనేజే లేడు, సాన్సొవీనో లేడు, పార్కింగ్ ఉంది. హాలుకు పెట్టిన పేరు జుజెప్పే తలియెర్చోది. మార్గేరా పెట్రోకెమికల్ కర్మాగారం డైరెక్టర్ ఆయన. 1981 మేలో రెడ్ బ్రిగేడ్స్ అనే సాయుధ దళం ఆయన్ని ఇంటి నుంచి ఎత్తుకుపోయి జులైలో చంపేసింది. బార్సిలోనాలో రేయర్ ఒక్క పాయింటుతో ఓడిన ఏడాదే అది.

1990ల మధ్యలో మగవాళ్ల క్లబ్ దివాలా తీసింది. 120 ఏళ్లు దాటిన సంఘం కింది డివిజన్ల నుంచి మళ్లీ ఓనమాలు దిద్దుకోవాల్సి వచ్చింది. చిన్న ఊళ్ల జిమ్ముల్లో, వందల మంది ముందు ఆట.

2006లో లుయీజీ బ్రున్యారో అనే వ్యాపారి రంగంలోకి దిగాడు. కంపెనీలకు ఉద్యోగులను సమకూర్చే ‘ఉమానా’ సంస్థ ఆయనది. మగవాళ్ల జట్టుతో పాటు ఆడవాళ్ల జట్టునూ తీసుకున్నాడు. రెండింటికీ ఒకే పేరు, ఒకే రంగులు, ఒకే హాలు. అప్పటి నుంచి క్లబ్ ‘ఉమానా రేయర్’. ఆయన తండ్రి ఫెర్రుచ్చో బ్రున్యారో మార్గేరా కర్మాగారాల్లో పనిచేసిన కార్మిక కవి. యాజమాన్యాల మీద పద్యాలు రాసిన తండ్రి కొడుకు యజమాని కావడం గురించి వెనిస్ వాళ్లు తమకు తోచిన జోకులన్నీ ఇప్పటికే వేసేశారు, నేను కొత్తగా కలపడానికేమీ లేదు.

ఆయన 2015లో వెనిస్ మేయరయ్యాడు, 2020లో మళ్లీ గెలిచాడు. ఊరి క్లబ్ యజమానే ఊరి మేయర్ కావడం ఎంత చిక్కో చెప్పనక్కర్లేదు. వంతెన మొదట్లో మెస్త్రే వైపు ‘పీలీ’ అనే పెద్ద స్థలం ఆయన ఆస్తుల్లో ఉంది. అక్కడ క్లబ్‌కు కొత్త స్టేడియం కట్టాలన్న ఆలోచన చాలాకాలం నలిగింది. 2024లో నగరపాలనలో అవినీతిపై మొదలైన దర్యాప్తులో ఆ స్థలం సంగతీ వచ్చింది, ఆయన పేరూ వచ్చింది. ఆరోపణలు నిజం కావని ఆయన అంటున్నాడు. కోర్టు పని కోర్టుది. ఆయన డబ్బు, పట్టుదల లేకపోతే ఈ క్లబ్ ఇవాళ ఇలా ఉండేది కాదన్నదీ నిజమే, ఒకే మనిషి చేతిలో ఇంత ఉండటం క్లబ్‌కు క్షేమం కాదన్నదీ నిజమే.

మిజెరికోర్దియా మీద కూడా ఆయన సంస్థే చెయ్యివేసింది. నగరంతో ఒప్పందం చేసుకుని భవనాన్ని బాగుచేయించి 2016లో మళ్లీ తెరిచింది. ఇప్పుడక్కడ ప్రదర్శనలు, సభలు జరుగుతున్నాయి. బోర్డులు మాత్రం తిరిగి రాలేదు.

డెబ్బై నాలుగు, డెబ్బై అయిదు

2011లో మగవాళ్లు పై డివిజన్‌కు తిరిగొచ్చారు. వాల్తెర్ దె రఫ్ఫాయేలే కోచ్‌గా ఉన్నప్పుడు జట్టుకు ఒక పద్ధతి వచ్చింది. పేరుమోసిన ఒక్కడి మీద భారం వేయకుండా పది మందిని తిప్పితిప్పి ఆడించడం, ముందు డిఫెన్స్ చూసుకోవడం. 2017 ఫైనల్లో పర్వత ప్రాంతపు ట్రెంటో జట్టు ఎదురైంది. అయిదో మ్యాచ్ చివరి క్షణాల్లో మైకేల్ బ్రామోస్ దూరం నుంచి విసిరిన త్రీ పాయింటర్ సిరీస్‌ను వెనిస్ వైపు తిప్పింది. ఆరో మ్యాచ్‌తో 4-2. 1943 తర్వాత మొదటి టైటిల్, అంటే 74 ఏళ్లకు. యుద్ధకాలపు టైటిల్ చూసినవాళ్లలో దీన్నీ చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉండి ఉంటారు.

2018లో అవెల్లీనో మీద గెలిచి ఫిబా యూరప్ కప్ తెచ్చారు. అది క్లబ్‌కు మొదటి యూరోపియన్ కప్పు. 2019లో సార్డీనియా నుంచి వచ్చిన సస్సారి జట్టుతో ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా పోయింది. ఆరు మ్యాచ్‌లు నువ్వా నేనా అన్నట్టు సాగితే, ఏడోది తలియెర్చోలో 87-61తో ఏకపక్షమైంది. 2020 ఫిబ్రవరిలో ఇటలీ కప్ గెలిచారు. సంబరాల వేడి తగ్గకముందే, వారం తిరగకుండా, ఉత్తర ఇటలీలో కోవిడ్ బయటపడింది. గడపలు మూసుకున్నాయి.

ఖాళీ కుర్చీల సీజన్‌లోనే ఆడవాళ్ల వంతు వచ్చింది. 2020-21లో జంపియెరో తిక్కి కోచ్. యివాన్ ఆండర్సన్ చేతిలో బంతి ఉంటే జట్టంతా నిబ్బరంగా కనిపించేది. అమెరికాలో పుట్టిన ఆమె అదే ఏడాది సెర్బియా తరఫున యూరప్ చాంపియన్ కూడా అయింది. ఏప్రిల్‌లో యూరోకప్ ఫైనల్ ఆడారు, ప్రత్యర్థి వలెన్సియా. ఆఖరి సెకన్ల దాకా ఇటూ అటూ ఊగి ముగిసింది: 82-81. ఒక్క పాయింటు తేడాతో కప్పు స్పెయిన్‌కు వెళ్లింది.

నలభై ఏళ్ల కిందట మగవాళ్లకు, ఇప్పుడు ఆడవాళ్లకు, యూరప్ ఫైనల్, స్పెయిన్ జట్టు, ఒక్క పాయింటు. కథ రాసేవాడు ఇలా రాస్తే సంపాదకుడు కొట్టేస్తాడు, అతికినట్టుందని.

తేడా ఎక్కడంటే 1981 జట్టు ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. 2021 జట్టుకు కోలుకోవడానికి కొద్ది వారాలే దొరికాయి, కోలుకుంది. ఇటలీ ఫైనల్లో ఎదురైంది స్కియో. అదే వేనెతో ప్రాంతంలో, విచెంజా జిల్లాలో, నలభై వేల జనాభా కూడా లేని మిల్లుల ఊరు. ఆడవాళ్ల బాస్కెట్‌బాల్‌లో మాత్రం ఇటలీకే పెద్దక్క. పదికి పైగా టైటిళ్లున్న ఇల్లు. దాన్ని దాటుకుని రేయర్ అమ్మాయిలు చాంపియన్లయ్యారు. 1946 తర్వాత 75 ఏళ్లకు. మగవాళ్ల కంటే ఒక ఏడాది ఎక్కువే ఎదురుచూశారు.

2024లో ఆంద్రెయా మజ్జోన్ కోచ్‌గా మళ్లీ స్కియోనే ఓడించి మూడో టైటిల్ అందుకున్నారు. అంటే ఈ దశాబ్దంలో ఇటలీ లీగ్ టైటిల్‌ను ఇంటికి తెచ్చింది అమ్మాయిలే. ఆ జట్టులో ఇద్దరి సంగతి చెప్పుకోవాలి. ఆవాక్ కుయెర్ ఫిన్లండ్ అమ్మాయి. 2021లో అమెరికా డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలోనే ఎంపికైంది. పొడుగు చేతులతో ప్రత్యర్థి షాట్లను గాల్లోనే తట్టేస్తుంది. మతిల్దె విల్లా 2004లో పుట్టిన ఇటలీ గార్డు. పదహారేళ్ల ప్రాయంలోనే, ఇంకా చిన్న జట్టులో ఉండగానే, పై లీగ్‌లో పెద్దవాళ్లను తిప్పలు పెట్టింది. 2024లో అట్లాంటా డ్రీమ్ జట్టు ఆమెను డ్రాఫ్ట్‌లో ఎంచుకుంది. స్తెఫానీనీని మిలాన్ పట్టుకుపోయినట్టు, ఇప్పటి అమ్మాయిలను అట్లాంటిక్ అవతలి నుంచి పిలుస్తున్నారు. డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ వేసవిలో, ఇటలీ సీజన్ చలికాలంలో. ఆ కాస్త వెసులుబాటుతోనే యూరప్ క్లబ్బులు మంచి క్రీడాకారిణులను నిలుపుకోగలుగుతున్నాయి.

రెండు జట్లూ ఒకే గొడుగు కింద ఉండటం వల్ల పిల్లలకు దక్కేది కంటికి కనిపిస్తుంది. మెస్త్రే పిల్లకు తన జెర్సీ మీద ఉన్న సింహమే టీవీలో కనిపించే పెద్ద జట్టు అమ్మాయిల జెర్సీ మీదా ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ల చిన్న క్లబ్బులను కలుపుకుని రేయర్ నడిపే పథకం, హైస్కూళ్ల మధ్య పెట్టే ‘రేయర్ స్కూల్ కప్’ అక్కడి బడిపిల్లలకు పండగే. అదంతా నిజమే గానీ అన్నీ సమానమని ఎవరూ అనుకోవద్దు. యూరప్‌లో ఎక్కడైనా మగవాళ్ల మ్యాచ్ టికెట్ వేరు, జీతం వేరు, పత్రికలో అచ్చయ్యే పేజీ వేరు. ఒకే యజమాని, ఒకే హాలు అయినంత మాత్రాన ఆ తేడా మాసిపోదు. రేయర్‌లో కనీసం కప్పుల బీరువా ఒకటే.

తెస్సెరా పొలాల్లో

తలియెర్చో ఇప్పుడు ఇరుకైపోయింది. యూరప్ పోటీలకు ఇంత చిన్న హాలు చాలదని నిర్వాహకులు ఏళ్ల తరబడి అంటున్నారు. మార్కో పోలో విమానాశ్రయం దగ్గర, తెస్సెరా పొలాల్లో, నగరపాలక సంస్థ ‘క్రీడావనం’ పేరుతో ఫుట్‌బాల్ స్టేడియం, దాని పక్కన దాదాపు పది వేల మంది పట్టే ఇండోర్ అరీనా తలపెట్టింది. కోవిడ్ తర్వాత యూరప్ ఇచ్చిన పునరుద్ధరణ నిధుల్లోంచి దీనికి డబ్బు వాడబోతే 2023లో యూరోపియన్ కమిషన్ కుదరదంది. నగరం తన ఖాతాలోంచి పెట్టుకోవాల్సి వచ్చింది. మునిగే ఊరికి, ఇళ్లు దొరకని ఊరికి ముందు కావాల్సింది ఇదేనా అని అడిగేవాళ్లున్నారు. పొలాలు పోతున్నాయని బాధపడేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ప్రశ్న చిన్నదేం కాదు.

ద్వీపం నుంచి చూస్తే తెస్సెరా మరీ దూరం. కన్నరెజోలో మిగిలిన ముసలాయన మిజెరికోర్దియాకు నడిచి వెళ్లాడు, ఆర్సెనాలేకు వాపొరెత్తో పడవ ఎక్కాడు, తలియెర్చోకు వంతెన దాటి బస్సు మారాడు. ఇప్పుడు విమానం ఎక్కేవాళ్ల దారి పట్టాలి. మూడున్నర వేల సీట్లు నిండిన హాలు హోరెత్తుతుంది, అదే జనం పది వేల సీట్లలో కూర్చుంటే సగానికి పైగా ఖాళీ. ఆ ఖాళీని నింపడానికి మగవాళ్ల జట్టు ఒక్కటే చాలదు. ఈ మధ్య టైటిళ్లు తెస్తున్నది ఆడవాళ్ల జట్టు కాబట్టి అరీనా తలుపులు తెరిచిన రోజు మొదటి మ్యాచ్ దానికే ఇవ్వడం సబబు. ఇవ్వరు, నాకు తెలుసు. ప్రారంభోత్సవ పత్రిక మగవాళ్ల మ్యాచ్‌తోనే అచ్చవుతుంది. వెనిస్ అభిమానులు మాత్రం అప్పటికే రెండు సీజన్ టికెట్లు కొనుక్కుని ఉంటారు.